దగ్గు మందు ఇచ్చే ముందు ఒక ప్రశ్న

ఫార్మసిస్టు మిత్రులారా, నమస్కారం.

కౌంటర్ దగ్గరికి ఒకాయన వచ్చి దగ్గు సిరప్ అడుగుతాడు. పొడి దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు, రాత్రిళ్లు మాత్రం నిద్ర పట్టనివ్వడం లేదు. సీసా తీసిస్తే అర నిమిషంలో పని అయిపోతుంది. ‘ఈమధ్య కొత్తగా ఏమైనా మందు మొదలుపెట్టారా?’ అని అడిగి చూడండి. నెల కిందట బీపీకి ఎనలాప్రిల్ మొదలుపెట్టారని తేలవచ్చు. ఆ కోవ మందులతో పొడి దగ్గు రావడం మనందరికీ తెలిసిందే. దానికి సిరప్ పనిచేయదు. బీపీ మందు సొంతంగా ఆపేయవద్దని గట్టిగా చెప్పి, డాక్టరు దగ్గరికి పంపాలి.

ఇది తెలిసిన దుష్ప్రభావం. నా బాధ ఇంకా ఎవరికీ తెలియని వాటి గురించి. కొత్త మందును అమ్మకానికి వదిలే ముందు సాధారణంగా కొన్ని వందల నుంచి కొన్ని వేల మంది మీదే పరీక్షిస్తారు. పది వేల మందిలో ఒకరికి వచ్చే ఇబ్బంది ఒక్కసారైనా కంటపడుతుందని ధీమాగా చెప్పాలంటే సుమారు 30,000 మందిని గమనించాలి. పైగా ఆ పరీక్షల్లో గర్భిణులు, బాగా వయసు మళ్లినవాళ్లు, ఐదారు రకాల మందులు కలిపి వాడేవాళ్లు తక్కువ. వాళ్లంతా వచ్చేది మన దగ్గరికే.

ఒకప్పుడు నిద్రకు, గర్భిణుల వేవిళ్లకు ఇచ్చిన థాలిడమైడ్ మందు గురించి మనం చదువుకున్నాం. 1961 డిసెంబరులో ఆస్ట్రేలియా డాక్టరు విలియం మెక్‌బ్రైడ్ లాన్సెట్ అనే వైద్య పత్రికకు నాలుగు ముక్కల ఉత్తరం రాశాడు. ఆ మందు వాడిన తల్లులకు అవయవ లోపాలతో పిల్లలు పుడుతున్నారని చెప్పి, ‘మీలో ఎవరైనా ఇలాంటివి చూశారా?’ అని పాఠకులను అడిగాడు. అప్పటికి ఆయన దగ్గర ఉన్నది అనుమానమే. ఆ విషాదం తర్వాతే 1964లో బ్రిటన్‌లో మందుల దుష్ప్రభావాలను రిపోర్టు చేసే ఎల్లో కార్డ్ పద్ధతి, 1968లో వాటిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ పర్యవేక్షణ కార్యక్రమం మొదలయ్యాయి.

ఇలా ఒక దుష్ప్రభావాన్ని రిపోర్టు చేయడానికి మనకూ అనుమానం చాలు. ఎవరికి వచ్చింది, ఏం జరిగింది, ఏ మందు మీద అనుమానం, రాస్తున్నది ఎవరు... ఈ నాలుగూ ఉంటే రిపోర్టు చెల్లుతుంది. రోగి పేరు అక్కర్లేదు, పొడి అక్షరాలో వయసో చాలు. డాక్టరు ఏమనుకుంటారో అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ ఈ రిపోర్టు ఎవరి మీదా ఫిర్యాదు కాదు.

ఇంకొకటి. మూలికల పొడులు, చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రలు చాలామంది లెక్కలో మందులే కావు. అడిగితే తప్ప చెప్పరు, పేరు పెట్టి అడగండి. టీకాలు, ఇన్సులిన్ లాంటి వాటికైతే బ్రాండు పేరు, బ్యాచ్ నంబరు కూడా రాయండి. అది ఉంటేనే తేడా మందులో ఉందా, ఆ ఒక్క బ్యాచ్‌లో ఉందా అన్నది పట్టుకోగలుగుతారు. ఖాళీ డబ్బా పారేయకుండా తెమ్మని వాళ్లకు చెప్పండి.