బండికి కొత్త లైటు బిగించే ముందు

శ్రోతలకు నమస్కారం.

మోటార్ సైకిల్ కొన్నాక దానికి అదనంగా ఏదో ఒకటి తగిలించని వాళ్లు తక్కువ. ఫోనుకు చార్జింగ్ సాకెట్టు, మంచులో దారి కనపడటానికి ఫాగ్ లైట్లు, గట్టిగా మోగే హారన్ల జత. ఇందులో తప్పేమీ లేదు. రాత్రిపూట బండి నడిపేవాళ్లకు మంచి వెలుతురు నిజంగా అవసరం. కానీ ఏ లైటు కొనాలా అని ఆలోచించే దాంట్లో సగం కూడా దాని వైరింగు గురించి ఆలోచించం. ఈ పూట ఆ వైరింగు గురించే మాట్లాడుకుందాం.

బండిలో ఉండేది 12 వోల్టులే కదా, ముట్టుకున్నా షాకు కొట్టదు, ఇక భయమేముంది అంటారు చాలామంది. షాకు కొట్టదు, నిజమే. ఇక్కడ భయపడాల్సింది వేడికి. బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే వైరు ఎక్కడో ఒరుసుకుని, బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉండే బండి ఇనుప చట్రానికి, అంటే చాసిస్‌కు తగిలిందనుకోండి, చిన్న బండి బ్యాటరీ అయినా సరే ఆ క్షణంలో పదుల కొద్దీ ఆంపియర్లు వదిలేస్తుంది. సన్న వైరు చూస్తుండగానే కాలిపోతుంది, పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు కరిగి పక్క వైర్లకు అంటుకుంటుంది. ఇదంతా జరిగేది పెట్రోలు ట్యాంకు కింద.

అందుకే ముందు ఫ్యూజు సంగతి. ఫ్యూజు ఉన్నది లైటును కాపాడటానికి అనుకుంటాం. అది కాపాడేది వైరును. కాబట్టి దాన్ని పెట్టాల్సింది లైటు దగ్గర కాదు, బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరం లోపల. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న ముక్క ఒరుసుకుంటే కరెంటును ఆపేది ఏదీ ఉండదు. ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వెయ్యాలి? లెక్క చాలా సులువు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు పెడితే మొత్తం 110 వాట్లు, అంటే తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు. దానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 15 ఆంపియర్ల నీలం రంగు ఫ్యూజు సరిపోతాయి. అదే 20 వాట్ల ఎల్ఈడీ జత అయితే రెండు ఆంపియర్లు కూడా తీసుకోదు, 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. వైరు ఎంత కరెంటు మోయగలదో ఫ్యూజు అంతకంటే తక్కువలోనే తెగిపోవాలి, అది మాత్రం మరవొద్దు.

ఒక బండి సీటు తీసి చూస్తే ఫ్యూజు ఉండాల్సిన చోట వెండి కాగితం చుట్టి ఉంది. అంతకుముందు ఫ్యూజు మాటిమాటికీ పోతోందని అలా చుట్టారట. ట్యాంకు ఎత్తి చూస్తే తెలిసింది కారణం. ట్యాంకు వెనక బోల్టు దగ్గర ఫాగ్ లైటు వైరు నలిగి, తొడుగు చిరిగి, రాగి పాయలు ఇనుముకు ఆనుకుని ఉన్నాయి. ఫ్యూజు పోయిన ప్రతిసారీ ఆ సంగతే చెబుతోంది, వినేవాళ్లు లేకపోయారు. వెండి కాగితం పోలేదు కాబట్టి వైరే కాలింది. పక్కనున్న కంపెనీ వైర్లు కూడా కరిగి ఒకే ముద్ద అయిపోయాయి. ఫ్యూజు రెండోసారి పోయిందంటే ఇంకా పెద్దది వెయ్యకండి. వైరు ఎక్కడ తగులుతోందో వెతకండి.

ఇక రిలే. చిన్న కరెంటు అందగానే పెద్ద కరెంటును కలిపే స్విచ్ ఇది. హ్యాండిల్ మీది హారన్ స్విచ్‌లో ఉండే పాయింట్లు చాలా చిన్నవి, బండితో వచ్చిన హారనుకు సరిపడా మాత్రమే. దాని మీద పెద్ద హారన్ల జత భారం వేస్తే ఆ పాయింట్లు కాలిపోతాయి. రిలే పెడితే స్విచ్ మీద ఆ భారం పడదు. రిలే కాళ్ల దగ్గర అంకెలుంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చిన వైరు 30కి, అక్కడి నుంచి హారనుకో లైటుకో వెళ్లేది 87కి. 85, 86 లోపలి కాయిల్‌వి. ఫాగ్ లైట్లయితే ఈ రెండింటిలో ఒకటి చాసిస్‌కు, అంటే ఎర్త్‌కు, రెండోది కొత్త స్విచ్ ద్వారా తాళంచెవి తిప్పి ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరుకు కలపాలి. ఇలా కలిపితే తాళంచెవి ఆఫ్ చేయగానే అన్నీ ఆగిపోతాయి. హారనుకు కొన్ని బండ్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది, అది చూసుకుని కలపాలి.

చార్జింగ్ సాకెట్టును చాలామంది నేరుగా బ్యాటరీకే తగిలించేస్తారు. ఫోను పెట్టకపోయినా అందులోని సర్క్యూట్ కొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటుంది. ఒక ఆంపియరు గంటసేపు పారితే దాన్ని ఆంపియర్-అవర్ అంటారు. ఈ సర్క్యూట్ లాగేది 10 మిల్లీఆంపియర్లే అనుకుందాం, రోజుకు పావు ఆంపియర్-అవర్‌కు దగ్గర. బండి కదలకుండా మూడు వారాలు ఉంటే 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఖాళీ. సెల్ఫ్ అందుకోకపోవడం అంతకు చాలా ముందే మొదలవుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా పాడయ్యేవి అతుకులు. తీగలు మెలిపెట్టి టేపు చుట్టడం అందరూ చేసేదే. ఇంజను వేడికి ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, వాన నీళ్లు లోపలికి దిగి రాగి పచ్చబడుతుంది. సోల్డరింగ్ చేస్తే గట్టిగా ఉంటుంది కదా అంటారు. గట్టిగానే ఉంటుంది, కానీ అతుకు పక్కన వైరు వంగే గుణం పోయి, బండి అదురుకు సరిగ్గా అక్కడే తెగుతుంది. నన్నడిగితే సైజుకు తగిన టెర్మినల్ పెట్టి, క్రింపింగ్ పట్టకారుతో నొక్కి, వేడికి ముడుచుకునే స్లీవు ఎక్కించడమే మేలు. ఎర్త్ వైరును రంగు పూసిన బోల్టుకు బిగిస్తే పనిచెయ్యదు. రంగు గీకైనా బిగించాలి, లేదంటే వైరును నేరుగా బ్యాటరీ మైనస్ దాకా తీసుకుపోవాలి.

వైరు నడిపే దారిలో సైలెన్సరుకు, ఇంజను రెక్కలకు దూరంగా ఉండండి. హ్యాండిల్ మెడ దగ్గర కాస్త వదులు వదలండి. హ్యాండిల్‌ను అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి వైరు బిగుసుకోవడం లేదని చూశాకే కేబుల్ టై లాగండి. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, ఇంజనుకు పెట్రోలు అందించే ఇంజెక్షన్ సెన్సార్ల వైర్లను మాత్రం కత్తిరించి అందులోంచి కరెంటు తీసుకోవద్దు.

పని మొదలుపెట్టేటప్పుడు ముందు మైనస్ విప్పండి, బిగించేటప్పుడు అది చివర. ఎందుకంటే మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే స్పానరు చాసిస్‌కు తగిలితే చాలు, నిప్పురవ్వలు లేస్తాయి.

అంతా అయ్యాక ఇంజను స్టార్ట్ చేసి, కొంచెం రేస్ ఇచ్చి, కొత్తవన్నీ వేసి బ్యాటరీ దగ్గర వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టండి. 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే బండి ఆ భారం మోస్తోందని అర్థం. 12.5 కంటే దిగిపోతే మీ కొత్త లైట్లు వెలుగుతున్నది బ్యాటరీని తింటూ, ఏదో ఒకటి తగ్గించాల్సిందే. పది నిమిషాల తర్వాత ఫ్యూజు హోల్డరును, ప్రతి అతుకునూ చేత్తో పట్టి చూడండి. వేడిగా తగిలితే ఆ అతుకు విప్పి మళ్లీ వేయండి.

నమస్కారం.