మొక్కల మాంసం, మేక మాంసం: ఒంటికి ఏది ఏం చేస్తుంది?

[దృశ్యం: ఆదివారం ఉదయం, నల్లగొండలో మటన్ దుకాణం ముందు జనం]

నమస్కారం. ఆదివారం పొద్దున మటన్ కోసం నిలబడేవారికి "మొక్కల మాంసం", అంటే మొక్కల ప్రోటీన్‌తో మాంసంలా చేసిన ఆహారం, అన్న మాట వింతగా తోచవచ్చు గానీ, పెళ్లి భోజనాల్లో మీల్ మేకర్ కూర తిన్నవారందరికీ దాని పాత రూపం తెలిసినదే. నూనె తీసిన సోయా పిండితో చేసే ఆ ఎండు ముక్కల్లో 100 గ్రాములకు సుమారు 50 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. నానబెట్టి వండాక నీటి బరువు చేరుతుంది కాబట్టి అంతే బరువు కూరలో అది చాలా తక్కువ.

[దృశ్యం: సూపర్ మార్కెట్ ఫ్రీజర్, ప్యాకెట్ వెనుక వైపు]

దాని కొత్త రూపమైన, ఫ్రీజర్‌లో దొరికే మొక్కల ప్యాటీలు, సాసేజీల సంగతి వేరు. బఠానీ లేదా సోయా ప్రోటీన్‌కు నూనెలు, ఉప్పు, చిక్కదనమిచ్చే పదార్థాలు కలిపి వీటిని తయారుచేస్తారు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం 2020లో ప్రచురించిన పరిశోధనలో 36 మంది ఎనిమిది వారాలు ఇలాంటి ఆహారం, మరో ఎనిమిది వారాలు మాంసం తిన్నారు. మొక్కల ఆహారం తిన్న కాలంలో వారి చెడు కొలెస్ట్రాల్ తగ్గింది. అయితే ఆ పరిశోధనకు డబ్బిచ్చింది అలాంటి ఉత్పత్తులు చేసే సంస్థే. సింగపూర్‌లో 89 మందితో జరిగి 2024లో వెలువడిన మరో పరిశోధనలో, గుండెకు సంబంధించి అంత స్పష్టమైన మేలు కనబడలేదు.

[దృశ్యం: దండెం మీద ఎండుతున్న వట్టి తునకలు]

ఇక మాంసం వైపు చూద్దాం. ఉప్పుపట్టించి, పొగబెట్టి నిల్వచేసే మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మేక, గొర్రె వంటి ఎర్ర మాంసాన్ని "బహుశా కారకం" అన్నది. ఉప్పు పట్టించి ఎండబెట్టే మన వట్టి తునకలు, ఎంత ఇష్టమైనా, ఆ నిర్వచనానికి దూరంగా లేవు. మరోవైపు బి12 విటమిన్ సహజంగా ప్రధానంగా మాంసం, చేపలు, పాలు, గుడ్లలోనే దొరుకుతుంది. మొక్కల ఉత్పత్తిలో కంపెనీ విడిగా కలిపితేనే ఉంటుంది.

నా దృష్టిలో అసలు చూడవలసినది ఉప్పు. ప్యాకెట్ మీద సోడియం 400 మిల్లీగ్రాములని ఉంటే అది ఒక గ్రాము ఉప్పుతో సమానం, రోజంతటికీ ఐదు గ్రాములు మించరాదన్నది సూచన. బీపీ మాత్రలు వేసుకునేవారు, రెండు ప్యాటీలకు తోడు ఆవకాయ కూడా వడ్డించుకుంటే, ఆ లెక్క ఎటు పోతుందో ఊహించవచ్చు.

ఇనుము విషయానికి వస్తే, మాంసంలోనిది సులువుగా ఒంటబడుతుంది, సోయాలోనిది అంత సులువు కాదు. అందుకని ఇనుము ఒంటబట్టేందుకు తోడ్పడే నిమ్మరసాన్ని మీల్ మేకర్ కూరపై పిండుకుని, దానికి అడ్డుపడే చాయ్‌ని భోజనం తర్వాత ఓ గంట ఆపడం మేలు.