ఎపిసోడ్ 31: గదిలో ఒక్కడే

అల్లుడు: నమస్కారం. కర్నూలు నుంచి మళ్లీ మేమే. మామ ఈ రోజు టైముకు వచ్చాడు, రాసి పెట్టుకోండి.

మామ: ఉగ్గాని చల్లారిపోతుందని వచ్చినా లే.

అల్లుడు: బజ్జీలు మైకుకు దూరంగా పెట్టు, పోయినసారి జరిగింది చాలు. సరే, ఈ రోజు మనిషి కెవిన్ పార్కర్. టేమ్ ఇంపాలా అనే పేరుతో పాటలు చేస్తాడు. పేరు చూస్తే బ్యాండు, లోపల చూస్తే ఒక్కడే. ఆస్ట్రేలియాలో పెర్త్. డ్రమ్ములు, గిటారు, కీబోర్డు, గొంతు అన్నీ తనే. స్టేజీ మీదికి మాత్రం స్నేహితులు వస్తారు.

మామ: ఇంజనీరింగ్ సంగతి చెప్పు ముందు.

అల్లుడు: ఇంజనీరింగ్‌లో చేరి, మానేసి, ఖగోళశాస్త్రానికి మారాడు. 2008లో పరీక్షకు పోతుంటే రికార్డు కంపెనీ ఫోను చేసిందట. అట్నుంచి అటే వెనక్కి తిరిగాడు.

మామ: మన ఇళ్లలో అయితే నాయన ఆ ఫోను ఎత్తి రాంగ్ నంబర్ అని పెట్టేసేవాడు.

అల్లుడు: (నవ్వు) 2010లో 'ఇన్నర్‌స్పీకర్' ఆల్బమ్, 2012లో 'లోనరిజం'. సైకెడెలిక్ పాప్ అంటారు దీన్ని, కలలో విన్నట్టుండే పాటలు. శబ్దం సుడి తిరిగినట్టు ఫేజర్, మళ్లీ మళ్లీ పలికినట్టు డిలే, పెద్ద హాల్లో మోగినట్టు రివర్బ్ పెట్టి...

మామ: రివర్బ్‌కు మిషను ఎందుకప్పా? బెలుం గుహలకు పో.

అల్లుడు: వచ్చింది బెలుం! వినేవాళ్లు లెక్క పెట్టుకోండి, ఒకటి.

మామ: పెట్టుకోనీ. సప్తస్వరాల గుహ ఉంది అక్కడ. పైనుంచి దిగిన రాతి ఊడల మీద వేలి కణుపుతో తడితే లోహం మోగినట్టు మోగుతుంది. 2006లో తెరిచారు జనానికి.

అల్లుడు: తడితే గార్డు ఏమన్నాడో 14వ ఎపిసోడులో విన్నాం.

మామ: ఆ మాట ఎత్తొద్దు. మూడు కిలోమీటర్ల పైన పొడవు, 3,229 మీటర్లు. అంత గుహలో ఒక్క ఆలాపన తీస్తే చాలు, నీ పార్కర్ చేతులెత్తేస్తాడు.

అల్లుడు: ఎత్తడు. గుహలో మోత నీ చేతిలో ఉండదు మామా. పార్కర్ చేతిలో ఉంటుంది. ఏ మాటకు ఎంత మోత, ఎంత సేపు, ఎక్కడ తెంచాలి అని తనే కూర్చుని తేలుస్తాడు. ఆ తేల్చడమే పాట. పైగా లోపల ఉక్క, గాలి గొట్టాలతో పంపుతారు. నీ ఆలాపన వెనక ఆ బుస్సు మని మోత.

మామ: ఆ బుస్సే తంబురా అనుకో!

అల్లుడు: అనుకోను.

మామ: నీకు చెవులు లేవు. రాతికి తగిలి తిరిగొచ్చిన గొంతులో రాయి కూడా ఉంటుంది. మిషనులో ఏముంటుంది? బటన్.

అల్లుడు: సరే, ఒకటి చెప్తాను. చిన్నప్పుడు వాడి దగ్గర ఏ స్టూడియో లేదు. రెండు టేప్ రికార్డర్లు. ఒకదాంట్లో వాయించింది మోగిస్తూ, దాని మీద ఇంకొకటి వాయించి రెండో దాంట్లోకి ఎక్కించేవాడు.

మామ: ...

అల్లుడు: మామా?

మామ: నేనూ చేసినా అట్ల. మా నాయన అంగడిలో ఒకటి, పక్కింటోళ్లది ఒకటి. నా గొంతుకు నేనే వంత పాడినా. ఎన్నిసార్లు ఎక్కిస్తే అంత బుస్సు పెరిగేది.

అల్లుడు: ఎప్పుడూ చెప్పలేదే. ఆ క్యాసెట్టు ఏమైంది?

మామ: దాని మీద మా నాయన హరికథ ఎక్కించినాడు. ఆయన తప్పేం లేదు, ఖాళీ క్యాసెట్టు అనుకున్నాడు. నేను పేరు రాయలేదు పైన.

అల్లుడు: ...

మామ: కానీ, కానీ. తర్వాత?

అల్లుడు: 2015లో 'కరెంట్స్'. మరుసటేడు అందులో ఒక పాటను గాయని రిహాన్నా తన ఆల్బమ్‌లో పాడింది. వాయిద్యాలు దాదాపు అవే, గొంతు మాత్రం ఆమెది. 2020లో 'ది స్లో రష్'. 2024లో గాయని డువా లిపా ఆల్బమ్‌కు పనిచేశాడు. 2025లో జస్టిస్ అనే ఫ్రెంచి జోడీతో కలిసి చేసిన పాటకు గ్రామీ అవార్డు.

మామ: ఆగు. ఒక్కడే, ఒక్కడే అన్నావు. మొదటి రెండు ఆల్బమ్‌లు మిక్సింగ్ చేసింది, అదే, వాయిద్యాలు గొంతు అన్నీ సరిచూసి కలిపింది ఎవరు?

అల్లుడు: ...డేవ్ ఫ్రిడ్‌మన్ అనే ప్రొడ్యూసర్.

మామ: ఆ! పాటల హక్కులు?

అల్లుడు: 2024లో సోనీకి అమ్మాడు.

మామ: ఇంక ఒక్కడే ఏందప్పా?

అల్లుడు: పాట పుట్టినప్పుడు గదిలో ఎవరున్నారన్నదే లెక్క. 'కరెంట్స్' మిక్సింగ్ కూడా తనే చేసుకున్నాడు. అందులో మొదటి పాట ఏడున్నర నిమిషాల పైనే. మధ్యలో సీడీ ఇరుక్కుపోయినట్టు అదే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంది. మొదటిసారి విన్నప్పుడు నా ఫోనే చెడిపోయిందనుకున్నాను.

మామ: ఆదోని బస్సులో క్యాసెట్టు ఇరుక్కుంటే అంతే. డ్రైవరు పెన్సిలు పెట్టి తిప్పేవాడు.

అల్లుడు: ఆ ఇరుక్కోవడం తను కావాలని చేశాడు, అదీ...

మామ: కావాలని చేసినా రాతి మోత ముందు...

అల్లుడు: ఎనిమిది! లెక్క పెట్టుకోండి, ఎనిమిది...

మామ: ఎనిమిది ఎక్కడిదిరా, మూడే. ఆ ఫ్యాను ఎందుకు ఆగింది?

అల్లుడు: కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఎంతుందో చూడు మామా, అది ఆఫ్...