బ్రౌజర్‌లోంచే ఈఎస్‌పీ32 ఫ్లాషింగ్: విజయనగరంలో కూర్చుని కవిటి తోటలో బోర్డు బాగుచేశాం

అందరికీ నమస్కారం. ఇదిగో, నా చేతిలో ఉన్నది ఈఎస్‌పీ32-సీ3 బోర్డు, అంటే వైఫై ఉన్న ఓ చిన్న కంట్రోలర్ బోర్డు. ఒక షాపువాళ్లు రెండు బోర్డులు ఉచితంగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. స్పెసిఫికేషన్లు మీరు ఎక్కడో చూసే ఉంటారు, వాటి జోలికి పోను. దీన్ని బ్రౌజర్‌లోంచి ఫ్లాష్ చేయడం, అంటే ప్రోగ్రాం ఎక్కించడం గురించి మాట్లాడదాం.

క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ తెరిచి, కేబుల్ పెట్టి, ఫ్లాషింగ్ పేజీలో కనెక్ట్ నొక్కండి. పోర్టుల జాబితాలో మన బోర్డు ఎంచుకుని ఇన్‌స్టాల్ అంటే అయిపోయింది. దీని వెనక ఉన్నది వెబ్ సీరియల్, అంటే వెబ్ పేజీ నేరుగా బోర్డుతో మాట్లాడే సదుపాయం, 2021లో క్రోమ్ 89తో వచ్చింది. సఫారీలో మాత్రం నడవదు. పాత నోడ్ ఎంసీయూ బోర్డుల రోజుల్లో నేను కాలేజీ ల్యాబ్‌లో, వాటి మీదుండే సీహెచ్340 అనే యూఎస్‌బీ చిప్‌కి డ్రైవర్ వేయించుకోవడానికి, కంప్యూటర్ పాస్‌వర్డ్ తెలిసిన మనిషి కోసం గంటలు కాపలా కాసేవాణ్ణి. ఈ సీ3లో యూఎస్‌బీ మెయిన్ చిప్‌లోనే ఉంది, ఆ బాధ లేదు.

అందరూ ఇన్‌స్టాల్ బటన్‌నే పొగుడుతారు. నాకు నచ్చింది అది కాదు, పక్కనే ఉండే లాగ్స్ కిటికీ, బోర్డు పంపే సందేశాలు కనబడేది.

మా చిన్నాన్నగారి తోట శ్రీకాకుళం జిల్లా కవిటిలో. 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరి చెట్లు పడిపోయాక మళ్లీ మొక్కలు నాటారు. వాటి నీళ్ల ట్యాంకుకి, మోటారుని ఆన్-ఆఫ్ చేసే రిలే స్విచ్‌కి పాత ఈఎస్‌పీ32 బోర్డు నేనే పెట్టాను. మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మోటారు ఆన్ అవ్వగానే బోర్డు ఆగిపోతోంది." ఇదివరకైతే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి, పూటంతా దారిలోనే గడిచిపోయేది. ఈసారి ఫర్మ్‌వేర్ ఫైలు (బోర్డులోకి ఎక్కే ప్రోగ్రాం), ఏ ఫైలు ఎక్కించాలో చెప్పే ఒక చిన్న మానిఫెస్ట్ రాసి గిట్‌హబ్ వెబ్ పేజీలో పెట్టి, లింకు వాట్సాప్ చేశాను. పేజీ హెచ్‌టీటీపీఎస్‌లోనే ఉండాలి, లేకపోతే బ్రౌజర్ పోర్టు ఇవ్వదు.

వాడు ఫ్లాష్ చేశాడు. అయినా అదే తీరు. అప్పుడు లాగ్స్ తెరవమన్నాను. రిలే టక్‌మన్న ప్రతిసారీ ఒకటే లైను: బ్రౌనౌట్ డిటెక్టర్ ట్రిగ్గర్ అయింది. అంటే ఓల్టేజి పడిపోయి చిప్ తనంతట తానే రీసెట్ అవుతోంది. తప్పు కోడ్‌ది కాదు, కరెంటుది. రిలేకి వేరే ఐదు ఓల్టుల అడాప్టర్ పెట్టించి, రెండింటి గ్రౌండ్ (మైనస్) వైర్లూ కలపమన్నాను. అంతే, ఆ లైను మళ్లీ రాలేదు. ప్రోగ్రామింగ్ తెలియని మా తమ్ముడు లాగ్ చదివి చెప్పాడు చూడండి, ఆ రోజంతా నాకు ఎంత సంతోషమో!

ఇక కోపం తెప్పించేది ఒకటుంది. సీ3 కరెంటు ఆదాకి డీప్ స్లీప్‌లోకి, అంటే గాఢ నిద్రలోకి వెళ్తే యూఎస్‌బీ పోర్టు కూడా మాయమైపోతుంది. బ్రౌజర్ చూస్తే ఏ బోర్డూ లేదంటుంది. బూట్ బటన్ పట్టుకుని రీసెట్ నొక్కి వదలాలి, అప్పుడే కనబడుతుంది. నిద్రపోయే ప్రాజెక్టు రాసేవాళ్లు మొదట్లో పది సెకన్లు ఆలస్యం పెట్టుకోండి. జాబితాలో ఏది మీదో తెలియకపోతే కేబుల్ తీసి చూడండి, ఏ పేరు పోతే అదే మీది. ఏ పేరూ పోకపోతే కేబుల్ అనుమానించండి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి చాలా ఉంటాయి. ఇంకో మాట, ఎరేజ్ అని టిక్ పెడితే వైఫై పాస్‌వర్డుతో సహా పోతుంది, చూసి నొక్కండి.

బోర్డు కొనొచ్చా? ఊర్లో మనవాళ్లకి ఏదైనా పెట్టి, మీరు వేరేచోట ఉండేవాళ్లయితే కళ్లు మూసుకుని కొనండి. స్లీప్ గొడవ ఉన్నా సరే. రెండో బోర్డు నేను వచ్చేవారం కవిటికి పంపిస్తున్నాను, ఫ్లాష్ చేయకుండానే. ఫ్లాష్ చేసేది తమ్ముడు.