మొదటి పవర్‌లిఫ్టింగ్ పోటీకి ఏ బెల్ట్ కొనాలి? లీవరా, బకిలా?

అందరికీ నమస్కారం అండీ. పోటీకి పేరు ఇచ్చాక మొదట పట్టుకునే టెన్షన్ బెల్ట్ గురించే. అందుకే ఈరోజు రెండు బెల్టులు టేబుల్ మీద పెట్టాను. ఒకటి 13 మిల్లీమీటర్ల మందం ఉన్న లీవర్ బెల్ట్. రెండోది 10 మిల్లీమీటర్ల మామూలు బకిల్ బెల్ట్. రెండూ తోలువే, రెండూ చుట్టూ ఒకే వెడల్పు, 10 సెంటీమీటర్లు. రెండూ సొంత డబ్బుతో కొన్నవే.

ముందు ఒక మాట. జిమ్‌లో ఏదో ఒక మూల వేలాడుతుంటుందే, వెనక వెడల్పుగా, ముందు సన్నగా, లోపల స్పాంజి పెట్టి కుట్టిన బెల్ట్, దాన్ని పోటీకి తీసుకెళ్లొద్దు. ఐపీఎఫ్ (అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య) నియమాల ప్రకారం బెల్ట్ వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు దాటకూడదు. మెత్తలు ఉండకూడదు. నియమం సంగతి అలా ఉంచినా, ఆ బెల్ట్‌తో పని జరగదు. మనకి బెల్ట్ కావాల్సింది నడుముకే కాదు, పొట్టకి కూడా. అక్కడే అది సన్నగా ఉంటుంది.

ఇది కాస్త నిదానంగా చూడండి. బెల్ట్ మన బదులు బరువు మోయదు. ఊపిరిని పొట్టలోకి, పక్కలకి నింపి బిగబట్టినప్పుడు పొట్ట బయటికి తోస్తుంది. ఆ తోపుకి ఎదురు నిలబడే గోడ బెల్ట్. లోపల ఒత్తిడి పెరిగి వెన్ను కదలకుండా నిలుస్తుంది. ఇలా బిగబట్టడాన్నే బ్రేసింగ్ అంటారు. కాబట్టి బెల్ట్ లేకుండా బ్రేసింగ్ రానివాళ్లకి ఎంత ఖరీదైన బెల్ట్ పెట్టినా లాభం తక్కువే. ఇలా చూడండి. బెల్ట్ తీసేసి, బొటనవేళ్లు నడుము వెనక పక్కలకి, మిగతా వేళ్లు పొట్ట పక్కలకి ఆనించి ఊపిరి పీల్చండి. భుజాలు పైకి లేస్తే ఊపిరి ఛాతీలోనే ఆగిపోయినట్టు. అన్ని వేళ్లూ ఒకేసారి బయటికి నెట్టబడితే సరిగ్గా వచ్చినట్టు. ఇది వచ్చాక బెల్ట్ పెట్టండి. అదీ ఒక వేలు దూరేంత సందుతో. ఊపిరి నిండడానికి చోటు లేనంతగా బిగిస్తే ఇంక తోయడానికి ఏముంటుంది?

ఇప్పుడు లీవర్ బెల్ట్. దీని సుఖం దీనికి ఉంది, ఒప్పుకోవాలి. ఇలా నొక్కితే టక్‌మని పడుతుంది, లిఫ్ట్ అయిపోగానే ఇలా లేపితే వదిలేస్తుంది. ప్రతిసారీ ఒకే బిగువు. బార్ భుజాల మీద పెట్టుకుని కిందికి దిగి లేచే స్క్వాట్‌లో, బరువు ఎక్కువైనప్పుడు, 13 మిల్లీమీటర్ల తోలు నిజంగా గోడలా నిలుస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఆ బిగువు మారాలంటే ఈ స్క్రూలు విప్పి లీవర్‌ని పక్క రంధ్రాలకి జరపాలి. పోటీ రోజు ఇదే కొంప ముంచుతుంది. వెయిట్ క్లాస్ కోసం కడుపు మాడ్చుకుని తూకానికి వెళ్తారు. తూకం పోటీ మొదలవడానికి రెండు గంటల ముందు తెరుస్తారు. అది అవగానే నీళ్లు, ఇడ్లీలు, అరటిపళ్లు. పొట్ట నిండుతుంది, జిమ్‌లో సరిపోయిన లీవర్ ఇక్కడ పడదు. బార్ సిద్ధం అని పిలిచాక లిఫ్ట్ మొదలుపెట్టడానికి ఇచ్చేది ఒక్క నిమిషం. లీవర్ కొనేవాళ్లు బ్యాగులో స్క్రూడ్రైవర్ పెట్టుకోవడం తప్పనిసరి. తూకం తర్వాత తినేసి, వార్మప్‌కి ముందే ఒకసారి బెల్ట్ పెట్టి చూసుకోండి.

బకిల్ బెల్ట్‌తో ఈ గొడవ లేదు. పొట్ట నిండితే ఒక రంధ్రం వదులు చేస్తే సరి. దీని అసలు ఉపయోగం నేల మీది బార్‌ని పైకెత్తే డెడ్‌లిఫ్ట్‌లో తెలుస్తుంది. స్క్వాట్‌కి సరిపోయిన బిగువుతోనే బార్ మీదికి వంగితే, బెల్ట్ పై అంచు పక్కటెముకల్లో, కింది అంచు తుంటి ఎముక మీద గుచ్చుకుంటుంది. ఆ నొప్పికి వీపు గుండ్రం చేసేస్తారు, కోచ్ ఎంత అరిచినా లాభం ఉండదు. బెల్ట్‌ని ఒకటి రెండు వేళ్లు పైకి జరిపి, ఒక రంధ్రం వదిలితే నిటారు వీపుతో బార్ అందుతుంది. పొట్టి నడుము ఉన్నవాళ్లకి, బక్కపల్చటి వాళ్లకి ఈ తేడా చాలా ఎక్కువ. 13 మిల్లీమీటర్ల కొత్త తోలైతే స్క్వాట్‌లో కూడా అలాగే గుచ్చుకుని, అడుగుకి దిగకముందే లేచేలా చేస్తుంది. తొడ పైభాగం, తుంటి కీలు దగ్గర, మోకాలి పైభాగం కన్నా కిందికి దిగాల్సిందే. లేదంటే ఎర్ర లైట్లు. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్ల లైటు ఇస్తేనే లిఫ్ట్ చెల్లుతుంది.

మోకాళ్లకి తొడుక్కునే స్లీవ్స్ 7 మిల్లీమీటర్ల మందం ఉన్నవి చాలు, అదే గరిష్ఠం కూడా. సింగ్లెట్ (ఒంటికి అతుక్కునే ఒకే ముక్క డ్రెస్), డెడ్‌లిఫ్ట్‌కి మోకాలి కింద దాకా వచ్చే సాక్స్ తప్పనిసరి. మణికట్టుకి చుట్టుకునే రిస్ట్ రాప్స్ మీటరు పొడవు దాటకూడదు. మీ పోటీలో ఏ కంపెనీ సామాను ఒప్పుకుంటారో నిర్వాహకుల్ని ముందే అడగండి, కొన్నాక కాదు.

బెల్ట్ ఏదైనా, పోటీలో రిఫరీ ఇచ్చే కమాండ్లతో ప్రాక్టీస్ చేయండి. చివరి వారాల్లో జిమ్‌లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి, స్క్వాట్‌కి "స్క్వాట్", "రాక్". బెంచ్ మీద పడుకుని బార్‌ని పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌కి "స్టార్ట్", "ప్రెస్", "రాక్". డెడ్‌లిఫ్ట్‌కి "డౌన్" అనిపించుకోండి. కష్టమంతా బెంచ్‌లోనే. బార్ ఛాతీ మీద కదలకుండా ఆగితేనే "ప్రెస్" అంటారు, ఆ ఆగే క్షణంలో ఊపిరి వదిలేస్తే పైకి నెట్టడం కష్టం. ఒక్కో లిఫ్ట్‌కి మూడు అటెంప్ట్‌లే. మూడూ పోతే టోటల్ (మూడు లిఫ్ట్‌ల మొత్తం) ఉండదు. మొదటి అటెంప్ట్ జిమ్‌లో మూడు రెప్స్ (వరసగా మూడుసార్లు) నిఖార్సుగా చేయగలిగిన బరువే పెట్టండి, స్నేహితులు ఎంత ఎగదోసినా సరే.

నా తీర్పు: మొదటి పోటీకి 10 మిల్లీమీటర్ల బకిల్ బెల్ట్ కొనండి. 105 కిలోల క్లాస్, ఆపైన ఉన్నవాళ్లు, పెద్ద స్క్వాట్ ఉన్నవాళ్లు 13 లీవర్‌కి వెళ్లొచ్చు, అదీ తోలు మెత్తబడటానికి పోటీకి రెండు మూడు నెలల ముందే. కొత్త బెల్ట్‌ని పోటీ రోజే మొదటిసారి పెట్టుకోవద్దు అండీ. మీ వెయిట్ క్లాస్, ఇప్పటి మ్యాక్స్‌లు రాసి పంపండి, వచ్చే వీడియోలో అటెంప్ట్‌ల లెక్క వేద్దాం.