ముంజలాంటి స్ఫటికం, దాన్ని ముట్టుకోని రోబో

[శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర. అరచేతిలో ఒలిచిన తాటి ముంజ.]

నమస్కారం. ఈ ముంజ చూడండి. బొటనవేలితో కాస్త గట్టిగా నొక్కితే నీళ్లు చిమ్ముతాయి. ప్రొటీన్ స్ఫటికం కూడా ఇంచుమించు ఇంతే. స్ఫటికం అనగానే మనకు పటికబెల్లం గుర్తొస్తుంది కదా! కానీ దీంట్లో దాదాపు సగం నీళ్లే. సైజు చాలాసార్లు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు.

[మైక్రోస్కోపు కింద స్ఫటికాలు.]

ఇవి కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ అనే ప్రొటీన్‌వి. చదువుకునే రోజుల్లో నేను పెంచిన మొదటి స్ఫటికం కూడా ఇదే. మూడు రోజులు ఎదురుచూసి మూత తీశాను. పైన ఫ్యాన్ తిరుగుతోంది, ఆపలేదు. చూస్తుండగానే స్ఫటికం పెరిగిన ద్రవం బొట్టు అంచులు ఆరిపోయాయి, స్ఫటికం అడ్డంగా చీలింది. ఆ గీత ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఇంత తిప్పలు ఎందుకంటే, స్ఫటికం మీద ఎక్స్-రే పడితే కిరణాలు చెదిరి చుక్కచుక్కలుగా నమోదవుతాయి. ఆ చుక్కల నుంచి ప్రొటీన్ ఆకారాన్ని లెక్కగడతారు. మందు అణువు దానికి ఎక్కడ అతుక్కుంటుందో కూడా తెలుస్తుంది.

[పిన్ను కొసన సన్నటి నైలాన్ ఉచ్చు.]

దీన్ని లూప్ అంటారు. దీంతో స్ఫటికాన్ని తోడి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. అంత చలిలో ఉంటే ఎక్స్-రే దెబ్బకు త్వరగా పాడవదు. ఇక అక్కడి నుంచి కాస్త వేడి తగిలినా టెన్షనే. మంచు పట్టిందంటే చుక్కలు చెడిపోతాయి.

ఇక్కడే రోబో వస్తుంది. నైట్రోజన్‌లో మునిగిన 16 పిన్నుల పెట్టెలోంచి ఒక పిన్నును, ముందే చల్లబరిచిన పటకారుతో తీస్తుంది. పట్టుకునేది పిన్ను మొదలునే, స్ఫటికాన్ని అసలు ముట్టుకోదు. తీసుకెళ్లి ఎక్స్-రే కిరణం పడే చోట ఉన్న అయస్కాంతం మీద నిలబెడుతుంది. అక్కడ చల్లటి నైట్రోజన్ వాయువు ఆగకుండా వీస్తుంటుంది. అదే ఈ పనికి మనిషి ఎక్స్-రే గదిలోకి వెళ్తే, గది ఖాళీ అయిందని చూసుకుని తలుపు మూశాకే మళ్లీ కిరణం వదలాలి, ప్రతి స్ఫటికానికీ.

కానీ లూప్‌తో తోడే పని చాలా ల్యాబుల్లో ఇంకా చేతిమీదే నడుస్తోంది. నా మటుకు అసలు గండం అదే. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఈఎంబీఎల్ (యూరప్ దేశాల ఉమ్మడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు దానికీ దారి వెతికారు. పేరు క్రిస్టల్‌డైరెక్ట్. స్ఫటికాన్ని పలచటి ఫిల్మ్ మీద పెంచుతారు. లేజర్ దాని చుట్టూ ఫిల్మ్‌ను కోస్తుంది. రోబో ఆ ముక్కను పిన్నుకు అతికించుకుని తీసుకెళ్తుంది, ముంజను తాటాకుతో సహా ఎత్తినట్టు.