అటక మీది పెట్టె: శ్రోతల ప్రశ్నలు, జవాబులు

(విశాఖపట్నం నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షరరూపం. శ్రోతల పేర్లు తీసేసి పేటల పేర్లు మాత్రం ఉంచాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. వానలు పడ్డాయంటే చాలు, విశాఖలో బీరువా తలుపు తీయగానే చెమ్మ వాసన. ఆ వాసనతోనే పాత సామాను గుర్తొస్తుంది. నాన్న ఫోటో, అమ్మమ్మ గిన్నె, చిన్నప్పటి బొమ్మలు. ఉంచాలా, ఎవరికైనా ఇవ్వాలా, ఉంచితే ఎలా కాపాడాలి? మ్యూజియంలో పాత వస్తువులు బాగుచేసే పని ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మేడమ్ ఈరోజు మనతో ఉన్నారు.

సలహాదారు: నమస్కారం. ముందే ఒక మాట. ఎంత ధర పలుకుతుందని మాత్రం అడగకండి. నాకు తెలియదు. తెలిసినా చెప్పను.

వ్యాఖ్యాత: (నవ్వు) మొదటి ఫోను గోపాలపట్నం నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారం మేడమ్. మా నాన్నగారి చిన్నప్పటి ఫోటో ఒకటి ఉంది. స్టూడియోలో కుర్చీ మీద నిలబెట్టి తీశారు. ఒక కాలికి మేజోడు ఉంటుంది, రెండో కాలికి ఉండదు. ఆ రెండోది ఏమైందని మా నాయనమ్మ చివరిదాకా వెతుకుతూనే ఉందని ఇంట్లో వేళాకోళం. హుద్‌హుద్ తుఫానుకు కిటికీ అద్దాలు పగిలి గోడలన్నీ తడిశాయి. అప్పుడే ఫోటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది. మొన్న ఒక మూల పట్టుకుని లాగి చూశాను.

సలహాదారు: లాగారా?

శ్రోత: కొంచెమేనండి.

సలహాదారు: ఆ కొంచెం అద్దానికే ఉండిపోయి ఉంటుంది.

శ్రోత: అవునండి. కుర్చీ కాలు పోయింది.

సలహాదారు: మేజోడు కాలు మిగిలింది కదా, సంతోషం. ఇక ముట్టుకోకండి. ఆ పాత ఫోటోల కాగితం మీద జిలటిన్ పొర ఉంటుంది. బొమ్మ ఉండేది ఆ పొరలోనే. తడిస్తే అది జిగురవుతుంది, ఆరేటప్పుడు అద్దాన్ని పట్టేస్తుంది. 2014 అక్టోబరు 12 తర్వాత ఈ ఊళ్లో ఇలాంటివి ఎన్ని చూశానో. నీళ్లలో నానబెట్టమని ఒకరు, వేడిగాలి కొట్టమని ఇంకొకరు చెబుతారు. రెండూ వద్దు. అద్దంతో సహా దానికే ఫోటో తీయండి. పగటిపూట, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా పెట్టి, మీకూ ఫోటోకూ మధ్య నల్ల దుప్పటి అడ్డం పెట్టి, దానికి చేసిన కన్నంలోంచి తీస్తే అద్దంలో మీ మొహం పడదు. ఆ కాపీని గోడకు పెట్టుకోండి. అసలుది అద్దంతోనే పడుకోబెట్టి దాచండి.

శ్రోత: కాపీకి కొత్త ఫ్రేము కట్టిస్తే మళ్లీ అంటుకోదా?

సలహాదారు: ఫోటోకూ అద్దానికీ మధ్య చుట్టూ అట్ట అంచు పెట్టమనండి, రెండూ ఒకదానికొకటి తగలవు. ఫ్రేము వెనక నాలుగు మూలలా బిరడా ముక్కలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. వాన కొట్టే గోడకు అసలు తగిలించకండి. అన్నట్టు, ఆ మేజోడు సంగతి మీ పిల్లలకు తెలుసా?

శ్రోత: ఎప్పుడూ చెప్పలేదండి.

సలహాదారు: కాగితం మీద రాసి ఫ్రేము వెనక పెట్టండి. పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను సిరా చెమ్మకు పాకుతుంది.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను సీతమ్మధార నుంచి.

శ్రోత: నమస్కారం అమ్మా. నాకు అరవై రెండేళ్లు. నా దగ్గర ఏటికొప్పాక లక్కపిడతలు ఉన్నాయి. మా నాన్న అనకాపల్లి నూకాలమ్మ జాతరలో కొనిచ్చారు. మొత్తం పదమూడు. బిందె, చెంబు, మూకుడు, రోలు, పప్పుగుత్తి, అన్నీ. ఇప్పుడు పదకొండే ఉన్నాయి. పొయ్యి, తిరగలి పోయాయి.

సలహాదారు: ఆడుకునేవారా, దాచుకునేవారా?

శ్రోత: ఆడుకునేవాళ్లం, నేనూ మా చెల్లెలూ. మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీస్తుంటే అరుగు మీద వంట. ఇసుక అన్నం, బంతిరేకుల పప్పు. చింతచిగురు నలిపి బిందెలో నీళ్లు పోస్తే పులుసు. కర్ర బొమ్మల్లో నీళ్లు పోస్తారటే అని అమ్మ తిట్టేది. ఆ నీళ్లు నిలిచినంత మేర బిందె లోపల ఇప్పటికీ గీత ఉంది. చిటికెన వేలు పెడితే తగులుతుంది. ఇప్పుడు చిటికెన వేలే పడుతుంది లెండి.

సలహాదారు: ఆ గీతను ఏమీ చేయలేదు కదా?

శ్రోత: గీతను చేయలేదు కానీ... కరోనా రోజుల్లో కూరగాయల దగ్గర నుంచి అన్నీ శానిటైజరుతో తుడిచేవాళ్లం కదమ్మా. వీటినీ తుడిచాను. ఎరుపంతా దూదికి వచ్చేసింది. బిందె మూత బంకగా అయిపోయి నా బొటనవేలి ముద్ర పడిపోయింది.

సలహాదారు: లక్కకు నీళ్లతో అంత తగాదా లేదు, సారాతోనే తగాదా. శానిటైజరులో ఉండే ఆల్కహాలు లక్కను కరిగించేస్తుంది. ఆ బొమ్మ ఎలా తయారవుతుందో చూస్తే అర్థమవుతుంది. అంకుడు కర్రను గిర్రున తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. పైన పూసిన రంగు కాదది, కరిగి పట్టిన లక్క. అందుకే ఎండలోనూ పెట్టకండి, వేడికి మెత్తబడుతుంది. పొడి మెత్తని బట్టతో తుడిస్తే చాలు. ఎవరో బాగుచేస్తామన్నారని కొత్త రంగు మాత్రం వేయించకండి.

శ్రోత: మరి ఆ వేలిముద్ర?

సలహాదారు: ఉండనివ్వండి. బిందెలో గీత మీ చిన్నప్పటిది, మూత మీద ముద్ర 2020 నాటిది. రెండూ మీవే.

శ్రోత: అసలు నేను అడగాలనుకున్నది వేరే అమ్మా. మా చెల్లెలు వాటిని తన మనవరాలికి ఇవ్వమంటోంది. ఆరేళ్ల పిల్ల. పగలగొట్టేస్తుందని నేను ఇవ్వనన్నాను. రెండు నెలలుగా మాకు మాటల్లేవు.

సలహాదారు: (కాసేపు ఆగి) చూడండి, బొమ్మలను అద్దాల వెనక పెట్టడమే నా ఉద్యోగం. పిల్లలు వచ్చి ఆ అద్దానికి ముక్కు ఆనించి చూసి వెళ్లిపోయేవారు. రోజూ సాయంత్రం ఆ ముక్కు మరకలు తుడిచేదాన్ని. రిటైరయ్యాక బొమ్మలకంటే ఆ మరకలే ఎక్కువ గుర్తొస్తున్నాయి. కాబట్టి నా సలహాలో న్యాయం తక్కువ, పక్షపాతం ఎక్కువ. బిందె, మూత మీరు ఉంచుకోండి. మిగతావాటితో ఆ పిల్లను మీ ఇంట్లో, మీ ఎదుట ఆడుకోనివ్వండి. నోట్లో పెట్టుకునే పసిపిల్లలకైతే వద్దంటాను, మధ్యలో కొన్నాళ్లు రసాయన రంగులు వాడారు. ఆరేళ్ల పిల్లకు ఫరవాలేదు. పొయ్యి, తిరగలి కొత్తవి దొరుకుతాయి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడు పసుపు లాంటి సహజ రంగులతోనూ చేస్తున్నారు.

శ్రోత: కొత్తది పాతదాని పక్కన అతకదు కదమ్మా.

సలహాదారు: అతకదు. పిల్లకు మాత్రం పొయ్యి లేకుండా వంట ఎలా కుదురుతుంది?

వ్యాఖ్యాత: పాతనగరం నుంచి ఇంకో శ్రోత. త్వరగా చెప్పండి.

శ్రోత: మేడమ్, ధర అడగను. మా ముత్తాతగారి దస్తావేజుల పెట్టె ఉంది. గంధపు చెక్క. పైన తెల్లటి రేకులు, వాటి మీద నల్లటి తీగలు, పూలు.

సలహాదారు: తీగలు గీసినట్టున్నాయా, చెక్కి నింపినట్టున్నాయా?

శ్రోత: చెక్కి నింపినట్టే.

సలహాదారు: అయితే ఈ ఊరి పనే కావచ్చు. తూర్పిండియా కంపెనీ దొరల కోసం 18వ శతాబ్దంలో ఇక్కడి పనివారు అలాంటి పెట్టెలు, కుర్చీలు చేసేవారు. దంతపు రేకు మీద గీతలు చెక్కి నల్ల లక్క నింపేవారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళితే విశాఖపట్నం పేరుతోనే కనిపిస్తాయి. ఇక్కడ అడిగితే ఎవరికీ తెలియదు. కానీ జాగ్రత్త. అది దంతమో ఎముకో చూడకుండా చెప్పలేను. ఏనుగు దంతమే అయితే అమ్మడం, కొనడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. ఉంచుకోవడానికి ఏ కాగితాలు కావాలో అటవీ శాఖ కార్యాలయంలో అడగండి. ఈలోగా ఫోటో తీసి నలుగురికీ పంపకండి. దస్తావేజులు ఉన్నాయా?

శ్రోత: చెదలు తిన్నాయండి.

సలహాదారు: పెట్టెను వదిలేసి కాగితాలు తిన్నాయన్నమాట. సరే.

వ్యాఖ్యాత: ఉక్కునగరం నుంచి ఒక శ్రోత చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

శ్రోత: మేడమ్, మా అమ్మమ్మ గొంతు ఉన్న క్యాసెట్టు దొరికింది. 1988లో మా మామయ్య టేప్‌రికార్డరు కొన్న కొత్తలో తీసినది. నన్ను ఉయ్యాలలో ఊపుతూ జోల పాడుతుంది. రెండో చరణంలో పాట ఆపి, “ఒసేయ్, పాలు పొంగుతున్నాయి, చూడండే” అని కేకేసి, మళ్లీ అదే శ్రుతిలో అందుకుంటుంది. చిన్నప్పుడు అరిగిపోయేలా విన్నాం. ఇప్పుడు టేపు మీద తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి. పాత టేప్‌రికార్డరు కూడా ఉంది. వేయమంటారా?

సలహాదారు: వేయకండి! ఆ చుక్కలు బూజు. ఈ సముద్రపు చెమ్మకు రాకపోతే ఆశ్చర్యం. అలాగే వేస్తే టేపు తెగొచ్చు, ఆ బూజు టేప్‌రికార్డరులోకి పోయి తర్వాత వేసిన క్యాసెట్టుకూ పట్టొచ్చు. విడిగా ఒక డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. మందుల సీసాల్లో వస్తాయే, అవే. పాత క్యాసెట్లను శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించేవారి దగ్గరకు తీసుకెళ్లండి. ఇచ్చే ముందు క్యాసెట్టు పై అంచున ఉండే రెండు చిన్న రెక్కలు విరిచేయండి. అవి లేకపోతే ఎవరు ఏ బటను నొక్కినా దాని మీద ఇంకొకటి రికార్డు కాదు.

శ్రోత: మా ఆవిడ పాట ఒక్కటే శుభ్రంగా వినపడేలా, మధ్యలో చప్పుళ్లు తీయించేద్దాం అంటోంది.

సలహాదారు: ఎక్కించింది ఎక్కించినట్టుగా ఒక కాపీ ముందు తీసుకోండి. దాన్ని మూడు చోట్ల దాచండి. ఆ తర్వాత మీ ఆవిడ ఇష్టం. పాలు మాత్రం పొంగాల్సిందే.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోను. గాజువాక నుంచి.

శ్రోత: నమస్కారమండి. ఇందాక సీతమ్మధార నుంచి మాట్లాడింది మా అక్క.

వ్యాఖ్యాత: ఓహో.

శ్రోత: నూకాలమ్మ జాతర కాదండి అది. సింహాచలం చందనోత్సవానికి వెళ్లినప్పుడు కొన్నారు. క్యూలో ఎండకు తాళలేక నేను ఏడిస్తే, నన్ను ఊరుకోబెట్టడానికి నాన్న కొన్నారు. నాకు. అక్కకు కాదు.

వ్యాఖ్యాత: మేడమ్, ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి?

సలహాదారు: నేనైతే రెండూ రాసుకుంటాను. ఒకే చీటీ మీద, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని రాయాలి. అమ్మా, ఆ పోయిన తిరగలి సంగతి మీకేమైనా తెలుసా?

శ్రోత: (కాసేపు మౌనం) నా దగ్గరే ఉందండి. పెళ్లయి వచ్చేటప్పుడు చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాను. అక్కకు తెలియదు.

సలహాదారు: ఇప్పుడు తెలిసింది.

వ్యాఖ్యాత: పొయ్యి కూడా...?

శ్రోత: అయ్యో, పొయ్యి నేను తీయలేదు! అది అక్కే నూతిలో పడేసి నా మీద చెప్పింది. కావాలంటే అడగండి.

వ్యాఖ్యాత: అడగనక్కర్లేదమ్మా, సీతమ్మధార నుంచి మళ్లీ ఫోను మోగుతోందట. కానీ వార్తల వేళయింది. మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోవాల్సిందే. నమస్కారం.